గడువు తేదీ ఉన్న డబ్బు



1917 నవంబరు 30న మన దేశంలో ఒక్క రూపాయి కాగితం నోటు బయటికి వచ్చింది. దానిమీద ఐదో జార్జి తల ఉన్న వెండి రూపాయి బొమ్మను అచ్చువేశారు. వెండి రూపాయి ఇవ్వలేకపోతున్నాం, బొమ్మ చూసి సరిపెట్టుకోండి అన్నట్టుంటుంది. వెనకవైపు ఎనిమిది భాషల్లో విలువ రాశారు, వాటిలో తెలుగూ ఉంది. ఆ మరుసటి ఏడు రెండు రూపాయల ఎనిమిది అణాల నోటు వచ్చింది. అదే 1918లో నిజాం ప్రభుత్వం హైదరాబాదు సంస్థానానికి సొంత కాగితం నోట్లు తెచ్చింది. అన్నిటికీ కారణం ఒకటే. మొదటి ప్రపంచ యుద్ధం వెండిని మింగేసింది.

ఆ యుద్ధంలో అవతలి పక్షాన ఉన్న జర్మనీకీ ఇదే కరువు వచ్చింది. ఇక్కడ కాగితం నోటు వేసింది సర్కారు, సంస్థానం. అక్కడ మాత్రం ఊళ్లు వేశాయి. జిల్లాలు వేశాయి, బొగ్గు గనులు వేశాయి, బట్టల మిల్లులు వేశాయి, పొదుపు బ్యాంకులు వేశాయి, చివరికి యుద్ధఖైదీల శిబిరాలు కూడా తమ ప్రహరీ లోపల చెల్లే నోట్లు వేసుకున్నాయి. 1914 నుంచి 1924 దాకా సుమారు పదేళ్లు సాగిన ఈ అత్యవసర డబ్బును జర్మన్లు నోట్‌గెల్ట్ అంటారు. దాన్ని సేకరించేవాళ్లు ఇవాళ్టికీ ప్రపంచమంతటా ఉన్నారు. నేనూ వాళ్లలో ఒకణ్ని. ఈ పూట ఆ కాగితాల గురించి, కాగితం కాని వాటి గురించి కూడా కాసేపు చెప్పుకుందాం.

1914 ఆగస్టులో యుద్ధం మొదలైన వారంలోనే జనం బంగారు, వెండి నాణేలను ఇళ్లలో దాచేశారు. ఆగస్టు 4న చేసిన చట్టాలతో నోటు తీసుకెళితే బంగారం ఇచ్చే పద్ధతి ఆగిపోయింది. కార్మికులకు వారం కూలి ఇద్దామంటే ఫ్యాక్టరీ పెట్టెలో చిల్లర లేదు. రొట్టెల దుకాణంవాడి దగ్గరా లేదు. చిల్లర లేదని చేతిలో చాక్లెట్ పెట్టే కొట్టువాణ్ని ఎరిగున్నవాళ్లం కాబట్టి ఆ ఇబ్బంది మనకు కొంత అర్థమవుతుంది. జర్మన్ పట్టణాల వాళ్లు చాక్లెట్‌తో ఆగలేదు. అట్టముక్క మీద విలువ టైపు చేసి, మునిసిపాలిటీ ముద్ర గుద్ది, ఖజానా అధికారి చేత సంతకం పెట్టించి చేతిలో పెట్టారు. 1914 నాటి ఈ మొదటి నోట్లు చూడటానికి అతి సాదాగా ఉంటాయి. రేషను కార్డుకూ వాటికీ పెద్ద తేడా కనిపించదు. సేకరించేవాళ్లు మాత్రం వాటికోసం ప్రాణం పెడతారు.

యుద్ధం ముదిరేకొద్దీ నికెల్, రాగి ఆయుధాల తయారీకి వెళ్లిపోయాయి. చిన్న నాణేలను ఇనుముతో, జింకుతో పోశారు. అవీ చాలలేదు. 1916 తర్వాత పది ఫెనిగ్‌లు, యాభై ఫెనిగ్‌ల కాగితాలు ఊరూరా పుట్టుకొచ్చాయి. వంద ఫెనిగ్‌లైతే ఒక మార్కు. అంటే మన లెక్కలో పది పైసలకూ అర్ధరూపాయికీ నోట్లన్నమాట.

ఈ నోట్లన్నిటిలో నన్ను పట్టుకున్న సంగతి ఒకటుంది. మామూలు నోటు తాను శాశ్వతమన్నట్టు మాట్లాడుతుంది. ఎక్కడైనా చెల్లుతాను, ఎప్పుడైనా చెల్లుతాను అంటుంది. నోట్‌గెల్ట్ అలా బుకాయించదు. నన్ను వేసింది ఫలానా ఊరు, నన్ను మార్చుకోవాలంటే ఫలానా ఖజానాకే రావాలి, ఫలానా తేదీ దాటితే నేను ఉత్త కాగితాన్ని అని ముఖానే రాసుకుంటుంది. తన బలహీనత తానే ఒప్పుకునే డబ్బు అరుదు. అందుకే నేను బొమ్మ కన్నా ముందు చిన్న అక్షరాలు చదువుతాను.

యుద్ధం ముగిసింది. చిల్లర కరువు మాత్రం తీరలేదు. అప్పుడు పట్టణాల మేయర్లు ఒక విచిత్రం గమనించారు. తాము వేసిన యాభై ఫెనిగ్‌ల నోట్లలో కొన్ని గడువు ముగిసినా ఖజానాకు తిరిగి రావడం లేదు. పారిపోయి ఎక్కడ దాక్కున్నాయా అని చూస్తే, సేకరించేవాళ్ల ఆల్బముల్లో ఉన్నాయి. ఆల్బమ్‌లోకి వెళ్లిన నోటుకు ఊరు సొమ్ము చెల్లించనక్కరలేదు. ముద్రణ ఖర్చు పోగా మిగిలిందంతా లాభమే. ఇంక ఊరుకుంటారా? 1920 నుంచి 1922 దాకా రంగురంగుల వరస నోట్లు వెల్లువెత్తాయి. ఒక్కో వరసలో ఆరో పదో నోట్లు, ఒక కథను ముక్కలు చేసి ఒక్కో నోటు మీద ఒక్కో ఘట్టం. వరస పూర్తి కావాలంటే అన్నీ కొనాలి. గ్లోగావ్ పట్టణంలోని ఫ్లెమ్మింగ్ విస్కాట్ లాంటి ముద్రణాలయాలకు చేతినిండా పని.

హామెల్న్ పట్టణం తన ఎలుకల పిల్లనగ్రోవివాడి కథను నోట్లకెక్కించింది. కూలి ఎగ్గొట్టిన ఊరి పెద్దల మీద కోపంతో అతను పిల్లల్ని వెంటబెట్టుకుపోయిన కథ మీకు తెలిసిందే. బాకీ ఎగ్గొట్టిన ఊరి కథను ఆ ఊరే తన ప్రామిసరీ నోటు మీద వేసుకోవడంలోని హాస్యం వాళ్లకు తట్టిందో లేదో గానీ, నాకు చూసినప్పుడల్లా నవ్వొస్తుంది. నౌంబుర్గ్ ఊరి నోట్ల మీద తెల్ల బట్టలు కట్టుకున్న పిల్లలు ఉంటారు. తమ ఊరిని ముట్టడించిన హుస్సైట్ అనే మత తిరుగుబాటుదారుల సేనాని దగ్గరికి వెళ్లి ప్రాణభిక్ష అడిగిన పిల్లలు వాళ్లు. అతను కరిగిపోయి చెర్రీ పళ్లిచ్చి పంపాడని అక్కడి కథ. తోలుబొమ్మలాటలో తెర మీది నీడల్లాగా నల్లటి ఆకారాలతో ఆ బొమ్మలు గీశారు. ఇంత చిన్న కాగితం మీద అంత కదలిక ఎలా తెచ్చారో అనిపిస్తుంది.

మెక్లెన్‌బుర్గ్ ప్రాంతంవాళ్లు ఇంకో అడుగు వేశారు. అక్కడి డెబ్బై పట్టణాలు, పల్లెలు కలిసి 1921, 22 ప్రాంతంలో ఒకే పద్ధతిలో నోట్లు వేశాయి. ఊరికి మూడేసి: పది, ఇరవై అయిదు, యాభై ఫెనిగ్‌లు. వాటిమీద ఉత్తర జర్మన్ మాండలికంలో మాటలుంటాయి. ఆ మాండలికంలో రాసి పేరు తెచ్చుకున్న ఫ్రిట్జ్ రాయ్‌టర్ పేరుమీదే వాటిని రాయ్‌టర్ డబ్బు అంటారు. మొత్తం రెండువందల పది నోట్లు. మొదలుపెట్టేవాళ్లకు ఇది మంచి లక్ష్యం. హద్దు తెలుసు, ఖరీదు తక్కువ, పూర్తి చేయడం మానవమాత్రులకు సాధ్యం.

అన్నీ ఇంత ముచ్చటగా ఉండవు. ఓడిపోయిన దేశం తన కోపమంతా ఈ చీటీల మీద కక్కింది. 1920లో ష్లెస్విగ్ ప్రాంతం జర్మనీలో ఉండాలా డెన్మార్క్‌లో కలవాలా అని జనాభిప్రాయం తీసుకున్నప్పుడు నోట్లే ప్రచారపత్రాలయ్యాయి. వెర్సాయ్ ఒప్పందంలో పోగొట్టుకున్న ఆఫ్రికా, పసిఫిక్ వలసలను తలుచుకుంటూ ఒక వరస వచ్చింది. యూదుల మీద విషం కక్కే బొమ్మలున్న నోట్లు కూడా ఉన్నాయి. ఇంకా హిట్లర్ ఊసు పెద్దగా లేని రోజులవి. మునిసిపల్ ముద్రతో, మేయరు సంతకంతో అలాంటివి బయటికి రావడం చూస్తే తర్వాత జరిగింది ఎక్కడినుంచి మొలిచిందో తెలుస్తుంది. కొందరు వాటిని ఆల్బమ్‌లోంచి తీసేస్తారు. నేను తీయను. అయితే అందమైన వరసల మధ్య కలపను, విడిగా ఉంచుతాను.

వరస నోట్ల మోజు శ్రుతిమించింది. చెల్లుబాటు గడువు ముగియబోయే రోజుల్లో అచ్చయినవి ఉన్నాయి. ఏ కొట్టులోనూ ఒక్కసారైనా చేతులు మారకుండా ప్రెస్సునుంచి నేరుగా కవరులోకి, కవరులోంచి ఆల్బమ్‌లోకి వెళ్లినవి లెక్కలేనన్ని. చివరకు 1922 జూలైలో చట్టం చేసి ప్రభుత్వం వీటికి అడ్డుకట్ట వేసింది. ఈ కారణంగానే కొందరు వీటిని డబ్బుగా ఒప్పుకోరు, బొమ్మల కార్డులని తీసిపారేస్తారు. నా మట్టుకు నాకు ఆ వాదన సగమే నచ్చుతుంది. చెలామణీ కాకపోయినా, ఆ ఊరు తనను తాను ఎలా చూపించుకోవాలనుకుందో ఇంత నిజాయితీగా చెప్పే పత్రం మరొకటి దొరకదు.

ఇక కాగితం కాని నోట్ల దగ్గరికి వద్దాం. వీటిలో మొదట చెప్పాల్సింది బీలెఫెల్ట్ పేరు. అది నార బట్టకు, నేతకు పేరుపడ్డ ఊరు. అక్కడి పట్టణ పొదుపు బ్యాంకు అధికారి పాల్ హాంకే 1921 నుంచి పట్టు మీద, నార గుడ్డ మీద, వెల్వెట్ మీద నోట్లు అచ్చు వేయించాడు. కొన్నిటికి చుట్టూ లేసు అంచు కుట్టించాడు. మన చేనేత ఊళ్లవాళ్లు చూస్తే ముందు అంచు పట్టుకుని నేత చూస్తారు, తర్వాతే విలువ చదువుతారు. బొమ్మ చుట్టూ ఖాళీ అన్నది వదలకుండా మాటలు కుక్కారు: ఊరి చరిత్ర, రాజకీయాల మీద ఎత్తిపొడుపులు, ధరల మీద విసుర్లు. హాంకేకు సేకరించేవాళ్ల బలహీనత బాగా తెలుసు. ఒకే అచ్చును వేర్వేరు రంగుల పట్టు మీద, వేర్వేరు అంచులతో తీయించాడు. ఇవాళ బీలెఫెల్ట్ నోట్ల మీదే జీవితమంతా గడిపేవాళ్లున్నారు. వాటిలో రకాలు తేల్చడం ఒక ప్రత్యేక విద్య.

హార్జ్ కొండల దగ్గరి ఓస్టర్‌వీక్ చేతి తొడుగులు చేసే ఊరు. అది తోలు మీద నోట్లు వేసింది. పోస్‌నెక్ అనే ఊరూ అంతే. పింగాణీకి లోకమంతా పేరున్న మైసెన్ కర్మాగారం సాక్సనీ రాష్ట్రం కోసం 1921లో నాణేలు కాల్చి ఇచ్చింది. ఇరవై ఫెనిగ్‌ల నుంచి ఇరవై మార్కుల దాకా, గోధుమ రంగు గట్టి మట్టితో చేసినవి. వాటి మీద ఆ కర్మాగారపు గుర్తయిన రెండు కత్తులు ఉంటాయి. జేబులో వేసుకుని తిరిగితే అంచులు విరగవా అని మీకు వచ్చిన సందేహం ఆనాటి జనానికీ వచ్చే ఉంటుంది. టెనింగెన్‌లో అల్యూమినియం రేకు తయారుచేసే ఫ్యాక్టరీ పల్చటి రేకు మీదే నోట్లు ముద్రించింది. ఇంకో రకం ఉంది. గుండ్రటి చిన్న డబ్బీలో ఒక తపాలా బిళ్ల పెట్టి, పైన పారదర్శకమైన మూత బిగించేవారు. వెనకవైపు ఏదో దుకాణం ప్రకటన. ఆ తపాలా బిళ్ల ఖరీదే ఆ నాణెం విలువ. తపాలా బిళ్లలు సేకరించేవాళ్లూ, నాణేలు సేకరించేవాళ్లూ, పాత ప్రకటనలు సేకరించేవాళ్లూ వేలంలో దానికోసం ఒకరి మీద ఒకరు పాట పెంచుకుంటారు. మధ్యలో నలిగేది నాలాంటివాడు.

1923 సంగతి చెప్పాలంటే గొంతు మార్చాలి. ఆ జనవరి 11న ఫ్రాన్స్, బెల్జియం సేనలు రూర్ పారిశ్రామిక ప్రాంతాన్ని ఆక్రమించాయి. అక్కడి కార్మికులు పని మానేశారు. వాళ్లకు కూలి ఇవ్వడానికి ప్రభుత్వం నోట్లు గుద్దుతూ పోయింది. యుద్ధానికి ముందు డాలరుకు నాలుగు మార్కుల ఇరవై ఫెనిగ్‌లు. 1923 నవంబరుకు డాలరుకు నాలుగు లక్షల ఇరవై వేల కోట్ల మార్కులు. బెర్లిన్‌లో ఒక రొట్టె సుమారు ఇరవై వేల కోట్లు. కేంద్ర బ్యాంకు రైఖ్స్‌బ్యాంక్ కోసం సొంత ప్రెస్సు కాక నూటముప్పైకి పైగా బయటి ముద్రణాలయాలు పనిచేశాయి. అయినా నోట్లు చాలలేదు. ఆ బ్యాంకు వేసిన అతి పెద్ద నోటు విలువ మన లెక్కలో కోటి కోట్ల మార్కులు.

పొద్దున ఇచ్చిన కూలి సాయంత్రానికి కరిగిపోతుంటే బెర్లిన్ నుంచి పెట్టెలు వచ్చేదాకా ఎవరు ఆగుతారు? క్రుప్ ఉక్కు కంపెనీ తన నోట్లు తాను వేసుకుంది. రసాయన కర్మాగారాలు వేసుకున్నాయి, రైల్వేలు వేసుకున్నాయి. ఆ ఒక్క తడవలోనే ఐదు వేలకు పైగా చోట్ల డబ్బు పుట్టింది. కొలోన్ నగరం నోట్ల మీద మేయరు సంతకం చూడండి: కాన్‌రాడ్ అడెనావర్. 1949లో పశ్చిమ జర్మనీకి మొదటి ఛాన్సలర్ అయిన మనిషి ఆయనే. వైమార్‌లో బౌహౌస్ కళాశాల విద్యార్థి, ఇరవైమూడేళ్ల హెర్బర్ట్ బాయర్ తురింగియా రాష్ట్ర బ్యాంకు కోసం పది లక్షల నోటు, ఇరవై లక్షల నోటు రూపొందించాడు. పువ్వులు లేవు, పురుషులు లేరు, సింహాలు లేవు. లావాటి అక్షరాలు, అడ్డగీతలు, ఒక చదునైన రంగు. ఆధునిక గ్రాఫిక్ కళ గురించి రాసిన పుస్తకాల్లో ఆ నోట్లకు చోటుంటుంది. సిరా ఆరేలోపే వాటి విలువ ఆవిరైపోయిందన్న సంగతిని ఆ పుస్తకాలు ఒక్క వాక్యంలో తేల్చేస్తాయి.

బాయర్ నోట్ల లాంటివి తక్కువ. 1923 నోట్లలో ఎక్కువభాగం ఒకవైపే అచ్చయిన పేలవమైన కాగితాలు. నా దృష్టిలో అసలు నోట్‌గెల్ట్ అదే. వరస నోట్లకు ముచ్చటపడి ఈ సరదాలోకి వచ్చినవాళ్లు కొన్నేళ్లకు ఈ వికారపు కాగితాల దగ్గరికి చేరడం తరచూ చూస్తుంటాం. సేకరించేవాడికి అసలు పనంతా ఇక్కడే. వెలుగుకు పట్టి చూస్తే నీటిగుర్తులు కనిపిస్తాయి, ఒకే నోటుకు రెండు మూడు రకాలవి ఉంటాయి. సంఖ్య ఎర్రగా ఉందా, ఆకుపచ్చగా ఉందా, ఐదు అంకెలా ఆరు అంకెలా అని లెక్కపెట్టాలి. ముద్రించినవాడి పేరు అడుగున ఉందా లేదా చూడాలి. పాత నోటు మీద కొత్త విలువ గుద్దడం మరో వేడుక. రైఖ్స్‌బ్యాంక్ వారే 1922 డిసెంబరు నాటి వెయ్యి మార్కుల నోటు మీద ఎర్ర సిరాతో వంద కోట్లు అని అడ్డంగా ముద్ర వేసి వదిలారు. ఊళ్లూ అదే బాట పట్టాయి. తలకిందులుగా పడ్డ ముద్ర, రెండుసార్లు పడ్డ ముద్ర, తప్పుగా పడ్డ సున్నా, ఇవన్నీ ఇవాళ విడి రకాలు.

ఆ సెప్టెంబరు, అక్టోబరు దాటాక జనం మార్కు అన్న మాటనే నమ్మడం మానేశారు. అప్పుడు బంగారం మార్కుతోనో డాలరుతోనో ముడిపెట్టిన నోట్లు వచ్చాయి. వాటి విలువలు మొదటిసారి చూసినవాళ్లకు బుర్ర తిరుగుతుంది: నలభైరెండు ఫెనిగ్‌లు, ఒక మార్కు ఐదు ఫెనిగ్‌లు, రెండు మార్కుల పది. డాలరులో పదో వంతు, పావు, సగం అన్నమాట. కొన్ని చోట్ల రై ధాన్యం బరువుతో విలువ కట్టారు. ధర ఎంత పెరిగినా ధాన్యం ధాన్యమే కదా. నవంబరు 15న రెంటెన్‌మార్క్ అనే కొత్త డబ్బు వచ్చింది. పాత మార్కులు లక్ష కోట్లు ఇస్తే అది ఒకటి. దాంతో పిచ్చి దిగింది, ఆ తర్వాత కొద్ది నెలల్లో నోట్‌గెల్ట్ కథ ముగిసింది.

ఈ అడవికి దారులు వేసినవాడు ఆర్నల్డ్ కెల్లర్. ఎవరు, ఎప్పుడు, ఏమేమి వేశారో జాబితాలు రాయడంలోనే ఆయన జీవితం గడిచింది. ఇప్పటివాళ్లు వరస నోట్లకు గ్రబోవ్‌స్కీ, మేల్ ఇద్దరూ కలిసి చేసిన కేటలాగు చూస్తారు. ఊరి పేరు, వరస సంఖ్య చెబితే చాలు, ఏ దేశంలో ఉన్న సేకర్త అయినా మీరు దేని గురించి మాట్లాడుతున్నారో గుర్తుపడతాడు.

మొదలుపెట్టాలనుకునే శ్రోతలకు ఒకటి రెండు మాటలు. మామూలు వరస నోట్లు ఇప్పటికీ చౌక, కాబట్టి వాటికి దొంగ నకళ్లు తక్కువ. పట్టు, తోలు, పింగాణీ దగ్గర జాగ్రత్త. మైసెన్ తర్వాతి కాలంలో పోసిన పతకాలను 1921 నాణేలని అమ్మేవాళ్లుంటారు. కడిగి ఇస్త్రీ చేసిన నోటును కొత్త నోటని అంటగట్టేవాళ్లూ ఉంటారు, మడత గీత వెలుగులో పట్టేస్తుంది. మన కోస్తా ఉక్కలో కాగితం మెత్తబడుతుంది, వెండిరంగు పురుగులు అంచులు కొరుకుతాయి. మెత్తగా ఉండి వాసన కొట్టే చౌక ప్లాస్టిక్ కవర్లు వద్దు, నోటుకు అంటుకుపోతాయి. లామినేషన్, సెల్లోటేపు ఊసే ఎత్తొద్దు. తోలు నోటును మడిచే ప్రయత్నం చేయకండి, పగులుతుంది.

ఆల్బమ్‌లో ఏ వరసలో పెట్టాలన్నది పెద్ద చర్చ. చాలామంది ఊళ్ల పేర్లను అక్షర క్రమంలో పెడతారు, వెతకడానికి తేలిక. కొందరు బొమ్మల్ని బట్టి పెడతారు: కోటలు ఒకచోట, జంతువులు ఒకచోట. నేను చెల్లుబాటు ముగిసే తేదీని బట్టి పెట్టుకున్నాను. అలా పెడితే 1914 పేజీలు నిబ్బరంగా ఉంటాయి, యుద్ధం త్వరలో అయిపోతుందన్న ధీమా గడువుల్లో కనిపిస్తుంది. తర్వాత కొన్నిటికి తేదీ ఉండదు, శాంతి ఒప్పందం జరిగిన ఇన్ని నెలలకు అని ఉంటుంది. 1921 పేజీలు తిరునాళ్లలా వెలిగిపోతాయి, గడువులు దగ్గరదగ్గరగా ఇరుక్కుంటాయి. 1923కి వచ్చేసరికి చాలావాటికి తేదీ వేసే ఓపిక కూడా లేదు: మేం పేపర్లో ప్రకటించిన నెలలోపు తెచ్చి మార్చుకోండి అని మాత్రం ఉంటుంది. కొత్త నోటు చేతికొచ్చినప్పుడు నేను ముందు చూసేది ఆ ఒక్క పంక్తే. పేజీ అదే చెబుతుంది.